హీరో పిలిచాడు, రక్తం ఎవరిచ్చారు?





మన విహారాల్లో, పేటల్లో ఆదివారం కూర్చున్నప్పుడు దాన పారమిత మీద మాట మొదలుపెడితే చాలు, కాసేపటికి అది సినిమా హీరోల దగ్గరికి వస్తుంది. "దానం అంటే మా హీరోది, ఎంతమందికి ప్రాణం పోశాడో" అంటాడొక తమ్ముడు. "అదంతా పేరు కోసం, ఓట్ల కోసం" అంటాడొక పెద్దాయన. ఇద్దరూ గట్టిగానే అంటారు. మాట అక్కడితో తెగదు, ఎవరి హీరో గొప్ప అనే దాకా పోతుంది.

ఆ ప్రశ్ననే ఈసారి తీరిగ్గా చూద్దాం. పేరున్న మనిషి చేసే మంచి పనిని 22 ప్రతిజ్ఞలు తీసుకున్న మనం ఎలా చూడాలి? దండం పెట్టాలా? పెదవి విరవాలా? ఉదాహరణకి అందరికీ తెలిసిన ఒక్క సంగతే తీసుకుందాం: చిరంజీవి బ్లడ్ బ్యాంక్.

అమ్ముకున్న రక్తం, ఇచ్చిన రక్తం

ఇప్పటి కుర్రాళ్ళలో చాలామందికి తెలియదు, ఒకప్పుడు మన దేశంలో రక్తం అమ్ముకుని బతికే మనుషులు ఉండేవారు. రిక్షా తొక్కేవాళ్ళు, పని దొరకని కూలీలు. పూట గడవకపోతే చెయ్యి చాచి రక్తం ఇచ్చి, ఆ డబ్బుతో అన్నం తినేవాళ్ళు. సరైన తిండి లేని ఒంట్లోంచి మళ్ళీ మళ్ళీ తీసిన రక్తం అది. ఇచ్చినవాడికి చేటు, ఎక్కించుకున్నవాడికి ప్రమాదం. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు చెప్పింది. దాని ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతిని నిషేధించారు.

మంచి తీర్పే. కానీ అమ్మేవాళ్ళు ఆగిపోతే, ఊరికే ఇచ్చేవాళ్ళు రావాలి కదా? రక్తం ఇస్తే నీరసం వస్తుందని, కష్టం చేసుకోలేమని జనంలో భయం. సొంత అన్నకి కావాలన్నా చుట్టాలు మొహం చాటేసేవాళ్ళు.

అదే 1998లో, అక్టోబర్ 2న, చిరంజీవి గారు హైదరాబాద్‌లో తన పేరు మీద చారిటబుల్ ట్రస్టు పెట్టారు. దాని కింద బ్లడ్ బ్యాంక్, ఐ బ్యాంక్ నడుస్తున్నాయి. అప్పటికే ఆయనకి ఊరూరా అభిమాన సంఘాలున్నాయి. రిలీజు రోజున తోరణాలు కట్టే ఆ కుర్రాళ్ళని ఆయన రక్తం ఇవ్వమని అడిగారు. వాళ్ళు కదిలారు. ఆగస్టు 22న ఆయన పుట్టినరోజు వస్తే రక్తదాన శిబిరం పెట్టడం ఊళ్ళల్లో అలవాటైపోయింది.

ఇప్పుడు నింపాదిగా ఒక లెక్క వేద్దాం. ఈ పనిలో హీరో ఇచ్చిందేమిటి? పెట్టుబడి, చోటు, తన పేరు, ఒక పిలుపు. చిన్నవి కావు ఇవి. పిలిస్తే లక్షల మంది పలికే గొంతు ఉండీ, దాన్ని మంచికి వాడని వాళ్ళు ఎంతమంది లేరు? కాబట్టి ఆ పనిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

మరి సంచీలోకి దిగిన రక్తం ఎవరిది? తాపీ మేస్త్రీది, ఆటో డ్రైవరుది, డిగ్రీ చదివే కుర్రాడిది, హమాలీది. అందులో మన పేటల పిల్లలు తక్కువేం కాదు. నిన్నటిదాకా పేదవాడి రక్తానికి ఒక ధర ఉండేది. ఆ ధర పోయి, పేదవాడు దాతగా మంచమెక్కి పడుకున్నాడు. అమ్ముకునేవాడు ఇచ్చేవాడయ్యాడు. ఇందులో నాకు కనిపించే అసలు గొప్పతనం ఇది. ఫ్లెక్సీ మీద మాత్రం ఒక్క మొహమే ఉంటుంది.

ఇది ఇప్పుడు మొదలైంది కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి నటులు ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. అది మంచి పనే. ఆ జోలెలో పడ్డ రూపాయల్లో జనం రూపాయలూ ఉన్నాయి. చరిత్రలో మిగిలింది మాత్రం జోలె పట్టినవాళ్ళ పేర్లే.

బాబాసాహెబ్ దానాన్ని ఏమన్నారు?

'బుద్ధుడు ఆయన ధమ్మం'లో పారమితల గురించి చెబుతూ బాబాసాహెబ్ దానానికి అర్థం ఇచ్చారు. తిరిగి ఏదీ ఆశించకుండా, ఇతరుల మేలు కోసం తన ఆస్తిని, రక్తాన్ని, అవయవాలను, చివరికి ప్రాణాన్ని సైతం ఇవ్వడమే దానమని దాని సారం. ఆ వరస చూడండి. ఆస్తి తర్వాత వచ్చేది రక్తమే. ఆస్తి లేనివాడికి దానం చేసే యోగ్యత లేదని ఆయన అనలేదు. ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉన్న ప్రతి మనిషికీ దాన పారమిత అందుబాటులోనే ఉంది.

మనువాదం మనల్ని ఎక్కడ నిలబెట్టింది? పుచ్చుకునే చోట. మిగిలిన కూడు, చిరిగిన బట్ట, తిట్టి విసిరిన గింజలు. దానం అంటే పైవాడు కిందవాడికి వేసేది, అదీ పుణ్యం కోసం. ఈ ధమ్మంలో అడుగుపెట్టాక ఆ బొమ్మ తిరగబడాలి.

అది మన నేల మీద ఒకప్పుడు తిరగబడే ఉంది. అమరావతి స్తూపం శాసనాల్లో విధికుడు అనే చర్మకారుడి పేరుంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు ఆయన. ఇంటిల్లిపాదితో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానం చేశాడు. తోలుపని చేసిన చేతులతో ఇచ్చిన దానాన్ని సంఘం స్వీకరించింది, పేరును రాతి మీద చెక్కించింది. చర్మకారుడు వెనకాల నిలబడి దండాలు పెట్టలేదు, దాతల వరసలోనే ఉన్నాడు. ఆ వరసలోకి మళ్ళీ వెళ్ళడమే మన పని.

పేరు కోసం చేస్తే దానం కాదా?

ఇక మన పెద్దాయన ప్రశ్నకి వద్దాం. పేరు కోసం చేశాడు కదా, అది దానమెలా అవుతుంది?

అంగుత్తర నికాయంలో బుద్ధ భగవానుడు మనుషులు దానం చేయడానికి ఎనిమిది కారణాలు చెప్పారు. ఎదుట పడ్డాడు గనక ఇచ్చేవాడు, భయంతో ఇచ్చేవాడు, నాకిచ్చాడు గనక నేనూ ఇస్తాననేవాడు, రేపు నాకిస్తాడని ఇచ్చేవాడు, దానం మంచిదని ఇచ్చేవాడు. నేను వండుకుంటున్నాను, వీళ్ళకి వండుకునే వీలు లేదు, పెట్టకపోతే తప్పు అని ఇచ్చేవాడు. మంచి పేరు వస్తుందని ఇచ్చేవాడు. చివరిగా, తన మనసుని బాగుచేసుకోవడానికి ఇచ్చేవాడు.

పేరు కోసం ఇవ్వడం ఆ జాబితాలోనే ఉంది, గమనించారా? మనిషి మనసు ఎలాంటిదో బుద్ధుడికి తెలుసు. పేరు కోసమిచ్చిన అన్నంతోనూ ఆకలి తీరుతుంది. ప్రసవంలో రక్తం పోతున్న ఆడబిడ్డకి ఎక్కించే సంచీ ఎవరు ఏ ఉద్దేశంతో ఇచ్చినా ఒకేలా పనిచేస్తుంది. తేడా పుచ్చుకునేవాడికి రాదు, ఇచ్చినవాడి మనసుకి వస్తుంది. పక్కవాడి చేతన మనకి కనపడదు, ఎవరికి వారి చేతన మాత్రం కనపడుతుంది. కాబట్టి "ఆయన ఎందుకిచ్చాడు?" అని అడిగే ముందు "నేనెందుకు ఇస్తున్నాను? సెల్ఫీ కోసమా, సంఘం అధ్యక్షుడి కంట్లో పడటానికా, మనసు బాగుపడటానికా?" అని అడుగుదాం. అసలు ఇస్తున్నానా అన్నది ఇంకా ముందు ప్రశ్న.

ఓట్ల సంగతి కూడా దాచక్కర్లేదు. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ పెట్టారు. 2009 ఎన్నికల్లో 18 స్థానాలు వచ్చాయి. 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. పార్టీ పోయింది, బ్లడ్ బ్యాంక్ మిగిలింది. దీన్నిబట్టి రెండు తూకాలు వేరని తెలుసుకోవాలి. బ్లడ్ బ్యాంకుని రక్త పరీక్షల్లో, సేవలో తూచాలి. పార్టీని దాని విధానంలో, మనకిచ్చే వాటాలో తూచాలి. రక్తమిచ్చిన చెయ్యి వేరు, ఓటేసే చెయ్యి వేరు అని మన పిల్లలకి చెప్పాలి.

కృతజ్ఞతకి హద్దు

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన ప్రసంగం మీరు విన్నదే. జీవితమంతా సేవ చేసిన గొప్పవాళ్ళ పట్ల కృతజ్ఞత చూపడం తప్పు కాదన్నారు. కానీ ఆ కృతజ్ఞతకి హద్దు ఉండాలన్నారు. మతంలో భక్తి సంగతి ఎలా ఉన్నా, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు.

ఆ మాట ఆయన పుస్తకం చూసి అన్నది కాదు, బతికి అన్నది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే ఆయన అమెరికా వెళ్ళారు. ఆ సాయాన్ని ఆయన కాదనలేదు, తన రాతల్లో చెప్పుకున్నారు. ఒప్పందం ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు, పార్సీల సత్రం నుంచి గెంటేశారు. మేలు పొందాను గనక అవమానాన్ని భరిస్తాను అనుకోలేదు, బరోడా విడిచి వచ్చేశారు. మేలు మేలే, ఆత్మగౌరవం ఆత్మగౌరవమే.

మరి మన పిల్లలు? హీరో మంచి పని చేశాడని మొదలుపెట్టి, కటౌట్ మీద బిందెలకొద్దీ పాలు పోస్తున్నారు. పక్క వీధిలో పాలు లేక పసిబిడ్డ ఏడుస్తున్నా సరే. విగ్రహాలకి మొక్కం అని ప్రతిజ్ఞ తీసుకున్న ఇంట్లో పుట్టి, ప్లైవుడ్ బొమ్మకి హారతి ఇస్తున్నారు. అంతకంటే బాధ ఏమిటంటే, మన రాష్ట్రాల్లో అభిమానం కూడా కులాల వారీగా చీలింది. మా హీరో, మీ హీరో అని తలలు పగలగొట్టుకుంటున్నారు. ఆ పగిలిన తలకి ఎక్కించే రక్తం సంచీ మీద గ్రూపు రాసి ఉంటుంది, తేదీ రాసి ఉంటుంది. కులం గడి మాత్రం ఉండదు. అంతకన్నా సూటిగా చెప్పే ధమ్మ ప్రవచనం ఏముంది?

దయ హక్కుకి బదులు కాదు

ఇంకో మాట. శిబిరానికి మన అక్కచెల్లెళ్ళు కూడా ఉత్సాహంగా వస్తారు. వేలు మీద పొడిచి చూసి, హిమోగ్లోబిన్ 12.5 లేదని చాలామందిని వెనక్కి పంపుతారు. ఇద్దామని వచ్చిన చెల్లి ఒంట్లోనే రక్తం లేదు. పొద్దంతా నాట్లేసి, అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషికి రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లోటును ఏ హీరో ట్రస్టూ పూడ్చలేదు. కూలి రేటు, రేషన్, అంగన్‌వాడీ, సర్కారు ఆసుపత్రి పూడ్చాలి. ప్రజల పోషణ, ఆరోగ్యం మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణ చెబుతోంది. దాత మంచివాడని మనం హక్కు అడగడం మానేస్తే, ఆ మంచితనమే మనకి జోలపాట అవుతుంది. రక్తం ఇద్దాం, ఏరియా ఆసుపత్రిలో రక్తం నిల్వ ఎందుకు లేదో అర్జీ పెట్టి కూడా అడుగుదాం.

మనం చేయగలిగింది

సకాలంలో ఇవ్వడం సత్పురుషుడి దానం అని ధమ్మం చెబుతుంది. రక్తం విషయంలో ఇది అక్షరాలా నిజం. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. అందరం ఒకే పుట్టినరోజున, అది ఏప్రిల్ 14 అయినా సరే, ఒక్కసారే ఇచ్చేస్తే ఎండాకాలంలో తలసేమియా బిడ్డకి దొరకదు. ఆ బిడ్డలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి. కాబట్టి ప్రతి విహారమూ ఒక పట్టిక రాసుకోవాలి. నెలకి నలుగురు చొప్పున వంతులు. 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలకి తగ్గకుండా ఉన్న ఆరోగ్యవంతులు, మగవాళ్ళు మూడు నెలలకి, ఆడవాళ్ళు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు. హీరో బ్లడ్ బ్యాంకులో ఇస్తారా, సర్కారుదాంట్లో ఇస్తారా, మీ ఇష్టం. లైసెన్సు ఉందా, పరీక్షలు చేస్తున్నారా అన్నదే చూడండి.

నేత్రదానం కూడా మరవొద్దు. కళ్ళు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారని ఇంకా భయపెడుతుంటారు. ఆత్మ లేదని తెలిసినవాళ్ళం, ఆ భయం మనకెందుకు? జాతక కథల్లో శిబి రాజు బతికుండగానే కళ్ళిచ్చాడంటారు. మనం పోయాక, ఆరు గంటల లోపు మనవాళ్ళు ఫోన్ చేసి కబురు చెబితే చాలు. ఆ మాట ఇంట్లో ఇవాళే చెప్పి ఉంచండి.

ఇక ఆ తమ్ముడికీ, ఆ పెద్దాయనకీ మనం చెప్పాల్సింది ఇంతే. తమ్ముడూ, మంచి పనిని మెచ్చుకో, మోకరిల్లకు. పెద్దాయనా, అనుమానించే హక్కు మీకుంది, ఈసారి వంతు పట్టికలో మీ మనవడి పేరు కూడా రాయించండి.

జై భీమ్. నమో బుద్ధాయ.