ఉమ్మడి కాలువలో మన వంతు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 21:1–9, గలతీయులకు 6:2–5



ఒక రాజు పాలతో గుండము నింపగోరి, రాత్రివేళ ఇంటికొక చెంబు పాలు తెచ్చి అందులో పోయవలెనని చాటింపు వేయించిన కథ మనలో అనేకులు చిన్నతనమున విన్నదే. అందరును పాలే పోయుదురు, నా ఒక్క చెంబెడు నీళ్లు ఎవరికి తెలియును అని ప్రతివాడు అనుకొనెను. తెల్లవారి చూడగా గుండమంతయు నీళ్లే. ఆ కథ విని మనము నవ్వుకొంటిమి. అయితే అందులో నవ్వుటకు వీలులేని ప్రశ్న ఒకటి యున్నది. మనము చేసినది పదిమంది చేసిన దానితో కలిసిపోయి, ఇది ఫలానావాని పని అని ఎవరును చూపలేనప్పుడు, మన దోషము కూడ అందులో కలిసిపోవునా?

ఈ నెల ఆ ప్రశ్నను పట్టణపు మురుగు కాలువ యొద్ద నిలిచి ఆలోచింతము. సంఘ పత్రికలో ఇదేమి విషయమని ఎవరును అనుకొనవద్దు. ఇశ్రాయేలీయులు బహిర్భూమికి పోయినప్పుడు పాళెము వెలుపల మట్టి త్రవ్వి కప్పవలెనని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించినది (ద్వితీ. 23:12–14). దేవుడు ఆ పాళెములో సంచరించుచున్నాడనుటయే దానికి చెప్పబడిన కారణము.

పట్టణములో ఇండ్లు, హోటళ్లు, ఆస్పత్రులు, ఫ్యాక్టరీలు విడిచిన నీరు భూమి క్రింది గొట్టములలో కలిసి శుద్ధి కేంద్రమునకు చేరవలెను. అక్కడ కంటికి కనబడని సూక్ష్మజీవులు మురుగును తిని నీటిని చాలమట్టుకు బాగుచేయును. ఆ ఉమ్మడి గొట్టములోనికి ఎవరు ఏమి విడువవచ్చునో మన దేశములో చట్టమున్నది. విషపదార్థములను తెలిసి, నిర్ణయించిన మేరకు మించి, వాగులోగాని బావిలోగాని మురుగు కాలువలోగాని విడువరాదని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము 24వ సెక్షను చెప్పుచున్నది. కొలతలు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల ఆరవ షెడ్యూలులో ఉన్నవి. నదులవంటి జలములలోనికి విడుచు నీటికి ఒక వరుస, ప్రజల మురుగు కాలువలోనికి విడుచు నీటికి మరియొక వరుస.

ఈ రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి తెలియును. సూక్ష్మజీవులు తినగల మురుగును, అవి దానిని తినునప్పుడు ఖర్చగు ప్రాణవాయువును బట్టి లెక్కింతురు, దానికి బి.ఓ.డి. అని పేరు. నదిలోనికైతే అది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. మురుగు కాలువలోనికైతే 350 వరకు ఒప్పుకొందురు. నీటిలో తేలియాడు మలినము నదిలోనికి 100, కాలువలోనికి 600. కాని పాదరసము సంగతి చూడుడి. నదిలోనికి 0.01 మిల్లీగ్రాము, కాలువలోనికియు 0.01 మాత్రమే. ఆర్సెనిక్ అను విషము రెండింటికిని 0.2. ఇక్కడ సడలింపు లేదు. ఏలయనగా అన్నపు మెతుకును సూక్ష్మజీవులు తినగలవు గాని పాదరసమును తిని లేకుండ చేయగల సూక్ష్మజీవి లేదు. అది నీటిలో పోవును, లేదా బురదలో నిలిచి మరియొక చోటికి చేరును.

అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాయుచు ఒకని భారములు ఒకడు మోయవలెనని చెప్పి, మూడు వచనములు దాటకముందే ప్రతివాడును తన బరువు తానే మోయవలెనని చెప్పెను. ఈ రెండును ఎట్లు పొసగునని అడుగువారున్నారు. ఆ షెడ్యూలు వ్రాసినవారు గలతీ పత్రికను తలచి వ్రాయలేదు. అయినను రెండు మాటలును అందులో కనబడుచున్నవి. సంఘముగా కూడి మోయగల భారము కొంత యున్నది. దానిని ఉమ్మడిలోనికి తెచ్చుటలో సిగ్గులేదు. ఎవరును మోయలేని దానిని మాత్రము, అది ఎవని చేతిలో పుట్టెనో వాడే తన వాకిట ఆపవలెను. ఇంకొకటి గమనింపుడి. కాలువ నిజముగా శుద్ధి కేంద్రమునకు చేరినప్పుడే ఈ సడలింపు. చేరనియెడల దానిని నదిగానే యెంచవలెనని షెడ్యూలులోనే వ్రాసియున్నది. మోయువాడు లేనిచోట ‘ఒకని భారము ఒకడు మోయవలెను’ అని చెప్పి మన బరువును దింపిపోవుట ప్రేమ కాదు.

విషములో నీళ్లు కలిపి పలుచన చేసి, కొలతకు సరిపెట్టుదుమనువారును ఉందురు. అమెరికా దేశపు మురుగు నియమములు, శుద్ధి చేయుటకు మారుగా నీళ్లు కలుపుటను స్పష్టముగా నిషేధించినవి. నీళ్లు పెరిగినంత మాత్రమున విషము తరుగదు గదా! పది మంచిపనుల మధ్య ఒక అన్యాయమును పలుచన చేసుకొని, లెక్క సరిపోయెనని నెమ్మదిగా నిద్రపోవు మనకు ఇది తగిలిన మాటయే.

ఇప్పుడు కాలువలోనికి దిగు మనుష్యుని తలచుకొందము. ఆమ్లము మితిమీరిన నీటిని కాలువలోనికి విడువరాదని నియమమున్నది. అక్కడ నిలిచిన మురుగులోని గంధకపు పదార్థములకు ఆమ్లము తగిలినచో హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువు లేచును. కొంచెముగా ఉన్నప్పుడు అది కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియదు. వాసన పోయినదని మ్యాన్‌హోలులోనికి దిగినవాడు పడిపోవును. వానిని ఎత్తుటకు దిగినవాడును వాని ప్రక్కనే పడిపోవును.

రక్షణ సామగ్రి లేకుండ మురుగు కాలువలోనికిగాని సెప్టిక్ ట్యాంకులోనికిగాని మనుష్యుని దించరాదని 2013లో చట్టము వచ్చెను. అట్లు చనిపోయినవాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు ఇయ్యవలెనని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2023లో దానిని 30 లక్షలు చేసెను. చట్టము వచ్చిన తరువాతను చావులు ఆగలేదు గనుకనే ఆ తీర్పు కావలసివచ్చెను. దిగువారిలో ఎక్కువమంది దళితులే. కోలారు బంగారు గనుల యొద్ద పారిశుధ్య పనివారి కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్‌గారు ఈ పని మాన్పించుటకు పాటుపడి 2016లో మెగసెసె బహుమానము పొందిరి. ఇది ఎవరో పరాయివారి కథ కాదని, మన పల్లెల నుండి కూలికి పోయిన బిడ్డలుగల తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

ఆ మనుష్యుని చంపినది ఎవరు? దింపిన మేస్త్రీ యొకడున్నాడు. ఆమ్లము విడిచినవాడు, గొట్టము పూడునట్లు నూనె, గుడ్డలు, ప్లాస్టిక్ పారవేసినవారు ఎక్కడ? వారి పేర్లు నీళ్లలో కలిసిపోయినవి. మెక్సికో దేశములోని గ్వాదలహారా పట్టణములో 1992 ఏప్రిల్ 22న, పునరుత్థాన పండుగ తరువాతి బుధవారమున, మురుగు గొట్టములలో చేరిన పెట్రోలు పేలి సుమారు 8 కిలోమీటర్ల వీధులు బ్రద్దలై 200 మందికి పైగా మరణించిరి. కాలువలనుండి పెట్రోలు వాసన వచ్చుచున్నదని ప్రజలు ముందే మొరపెట్టుకొనిరి. నేరము మొదట ఒక వంటనూనె ఫ్యాక్టరీపై మోపబడెను. తుదకు తుప్పుపట్టిన పెట్రోలు గొట్టము బయటపడెను. ఒకరు మరియొకరివైపు వేలు చూపుచుండగా చనిపోయినవారు సమాధులలో ఉండిరి.

ఇట్టి వేళకే ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము వ్రాయబడినది. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు, చంపినవాడెవడో తెలియదు. తెలియదు గనుక వదలివేయుడని దేవుడు చెప్పలేదు. పెద్దలు వచ్చి ఆ శవము నుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరో ఆ ఊరి పెద్దలు బయలుదేరి వచ్చి, చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందింపలేదు, మా కన్నులు చూడలేదు అని దేవుని యెదుట చెప్పి క్షమాపణ వేడుకొనవలెను. పిలాతు కూడ చేతులు కడుగుకొనెను. భేదమెక్కడ? ఈ పెద్దలు శవము యొద్దకు నడిచివచ్చిరి, కొలత ముగిసిన తరువాత కడుగుకొనిరి. పిలాతు తన పీఠము యొద్దనే, తాను ఆపగలదానిని ఆపకయే కడుగుకొనెను. మేము చూడలేదని మనమును చెప్పవచ్చును. కాని భూమి క్రింద ఉన్నది గనుక చూడలేదా, చూచుటకు ఇష్టములేక చూడలేదా?

మా ఊరిలో ఇట్టి కాలువయే లేదు గదా అని మీరనవచ్చును. హైదరాబాదు మురుగును మోసికొని మూసీ నది వలిగొండ మీదుగా నల్గొండ సీమకు పోయి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. ఆ నీటితోనే రైతులు వరి పండింతురు, పశువులకు గడ్డి పెంతురు. మంచినీళ్లు త్రాగి మిగిలిన నీటిని కాళ్లతో కలకచేసిన బలిసిన గొఱ్ఱెలను యెహెజ్కేలు ప్రవక్త గద్దించెను (34:18–19). పట్టణము పైననున్నది, పల్లె దిగువనున్నది. అయితే మన పల్లెకును దిగువ ఇంకొక పల్లె యున్నది. పురుగుమందు డబ్బాను పంటకాలువలో కడుగునప్పుడు మనమే ఆ బలిసిన గొఱ్ఱెలము.

నేనొక్కడిని మానినంత మాత్రమున కాలువ బాగగునా? కాకపోవచ్చును. పాలు పోసినవాడు ఒక్కడే అయినను ఆ గుండము పాలగుండము కాదు. కాని దేవుడు గుండమును చూచి మనకు తీర్పు తీర్చడు. కలియకముందు మన చెంబును చూచును.

కాబట్టి ప్రియులారా, డబ్బా కడిగిన నీటిని కాలువలో పోయకుడి. మందు కలుపునప్పుడే దానిని కడిగి, ఆ నీటిని పిచికారీ మందులోనే కలిపి మీ చేనికే కొట్టుడి. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు నూరు రూపాయలు తక్కువని మనుష్యుని దించకుడి. యంత్రముగల బండిని పిలువుడి. పట్టణములో పనిచేయు మీ కుమారునికి ఫోను చేసినప్పుడు, తాడు లేకుండ, గాలి చూడకుండ ఏ గుంటలోనికిని దిగవద్దని, కూలి పోయినను ఫరవాలేదని చెప్పుడి. సంఘపెద్దలారా, మన చుట్టుప్రక్కల అట్లు చనిపోయిన కుటుంబమున్నచో బయలుదేరి ఆ ఇంటికి పోవుడి. రావలసిన పరిహారము వచ్చెనో లేదో అడిగి, అర్జీ వ్రాసిపెట్టుడి. దూరము కొలుచుట అనగా మనకు ఇదియే.

రహస్యమందు చూచుచున్న తండ్రి, మన చేతులను శుద్ధిచేసి, ఆ చేతులతో మన పొరుగువానిని గుంటలోనుండి పైకి లేవనెత్తు కృప మనకు దయచేయును గాక. ఆమేన్.