గోతం వారసత్వం కాకూడదు

ఆత్మకూరులో అంగళ్లు తెరవకముందే కొందరి పని సగం అయిపోతుంది. బస్టాండు పక్కన, టీ అంగళ్ల వెనక, కాలువ గట్టున గోతం భుజాన వేసుకుని సీసాలు, అట్టలు, ఇనుప ముక్కలు ఏరేవాళ్లు వాళ్లు. అందులో మన యానాదులుంటారు. తల్లి వెంట పిల్లలూ ఉంటారు. ఊరు లేచేసరికి పాత సామాన్ల కొట్టు ముందు తూకం కోసం నిలబడి ఉంటారు. రోడ్డు శుభ్రంగా ఉందని ఊరు సంతోషిస్తుంది. ఎవరు శుభ్రం చేశారని మాత్రం అడగదు.

ప్లాస్టిక్ మీద మన బడుల్లో వ్యాసాలు రాయిస్తున్నాం, ప్రతిజ్ఞలు చేయిస్తున్నాం. మంచిదే. కానీ ఆ వ్యాసాల్లో ఒక ప్రశ్న కనిపించదు. ఊరి చెత్తను ఎత్తే మనిషికి ఊరు ఏం బాకీ పడింది?

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. 2021లో వాటిని సవరించి, ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులను 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు ఆ జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదంది. సరుకును ప్లాస్టిక్‌లో కట్టి అమ్మే కంపెనీలే ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని కూడా చెప్పింది.

అయితే రూపాయి షాంపూ ప్యాకెట్టు ఆ నిషేధంలో లేదు. అది మన గుడిసెల ముందు కూడా పడి ఉంటుంది. సీసా కొనే డబ్బు ఒక్కసారిగా చేతిలో లేనివాళ్లే దాన్ని కొంటారు. పొర మీద పొర అతికించి చేసిన ఆ ప్యాకెట్టును మళ్లీ కరిగించి వాడుకోవడం కష్టం. అందుకే పాత సామాన్ల కొట్టులో దానికి ధర లేదు. ధర లేనిదాన్ని ఎవరూ ఏరరు. నీళ్ల సీసా గోతంలోకి పోతుంది, ప్యాకెట్టు కాలువలోకి పోతుంది. అంటే చట్టం కాగితం మీద రాసిన సేకరణ, మన ఊళ్లలో చాలావరకు ఏరేవాళ్ల చేతుల మీదుగానే జరుగుతోంది. ఆ చేతులు ఏరనిది ఊళ్లోనే మిగిలిపోతోంది.

మన తాతలు ఆకుల్లో తిన్నారు, ఎరుకలవాళ్లు అల్లిన బుట్టల్లో మోశారు, చెత్తే చేయలేదు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. కానీ అందులో కొంత గొప్పతనం, కొంత లేమి. కొనడానికి ఏమీ లేనివాడికి పారేయడానికీ ఏమీ ఉండదు. దాన్ని గొప్పగా చెప్పుకోవడం కంటే, అందులోని అన్యాయం గురించి అడగడం మేలు. తక్కువ చెత్త చేసినవాళ్లే ఎక్కువ చెత్త ఎందుకు మోయాలి?

2016లోనే వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ బాకీని కొంత ఒప్పుకున్నాయి. చెత్త ఏరేవాళ్ల సంఘాలను గుర్తించి, ఇంటింటి సేకరణలో వాళ్లను కలుపుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2024లో కేంద్రం 'నమస్తే' పథకంలో వాళ్లనూ చేర్చింది. పుణెలో 1993లోనే చెత్త ఏరే మహిళలు సంఘం పెట్టుకున్నారు. తర్వాత వాళ్ల సహకార సంస్థ 'స్వచ్ఛ్' నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరిస్తోంది. ఏరే మనిషి అక్కడ పనిమంతురాలిగా గేటు ముందు నిలబడుతుంది.

మనకు ఈ గుర్తింపు ఇంకో కారణంగా కూడా ముఖ్యం. గోతంతో తెల్లవారుజామున తిరిగే మనిషిని చూస్తే కుక్క కంటే ముందు మనిషి అరుస్తాడు. ఆ అనుమానం నిన్నటిది కాదు. బ్రిటిష్ వాళ్ల నేరస్త తెగల చట్టం కొన్ని తెగల్లో పుట్టడమే నేరమంది. మన జిల్లా కావలిలోనే ఎరుకలవాళ్లను ఉంచిన సెటిల్మెంటు నడిచింది. 1952లో ఆ చట్టం రద్దయింది, చూపు మాత్రం పూర్తిగా మారలేదు. చేతిలో ఒక కార్డు ఉంటే "ఎక్కడ దొంగిలించావు?" అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది.

ఇక్కడ చదువుకున్న మన తమ్ముళ్లు ఒక మాట అంటారు. "కార్డు ఇచ్చి మనల్ని చెత్తకే కట్టేస్తారా? ఈ పని వదిలించండి, దానికి ముద్ర వేయకండి." ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. మరోవైపు, రేపు వచ్చే మంచి ఉద్యోగం ఇవాళ్టి అన్నం పెట్టదని గోతం మోసే అమ్మ అంటుంది. ఆమె మాటా నిజమే.

రెంటికీ పొత్తు కుదిరే చోటు ఒకటుంది. నేరస్త తెగల చట్టంలోని అసలు పాపం, ఒక ముద్రను పుట్టుకకు తగిలించడం. చెత్త పని తల్లి నుంచి బిడ్డకు దిగితే, మంచి మాటలతో అదే పని మళ్లీ చేసినట్టు. కాబట్టి గుర్తింపు పనికి ఉండాలి, పుట్టుకకు ఉండకూడదు. ఇవాళ ఏరుతున్న పెద్దలకు కార్డు, చేతి తొడుగులు, సరైన తూకం, నెల జీతం రావాలి. పల్లెల్లో కట్టిన సంపద తయారీ కేంద్రాల్లో ఏ ప్లాస్టిక్ ఏదో చేతితో తాకి చెప్పగల వాళ్లకే ముందు పని ఇవ్వాలి. వాళ్ల పిల్లలకు ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, హాస్టల్లో సీటు అందాలి. ఈ రెండో సగం లేకుండా మొదటి సగం ఇస్తే, అది కొత్త సంకెల.

ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. స్వచ్ఛత కార్యక్రమం రోజున బడి ఆవరణలో కాగితాలు, కవర్లు ఎత్తమని చెప్పేటప్పుడు మన నోట ముందుగా ఎవరి పేరు వస్తోందో గమనిద్దాం. అది యానాది పిల్లవాడి పేరే అయితే, చట్టాలు ఎన్ని మారినా గోతం వాడి భుజం మీదికి చేర్చినవాళ్లం మనమే. రోల్ నంబరు వరసలో పిలుద్దాం. అందరూ వంగి ఎత్తనీ.