గడ్డి ఎవరి కోసం?

ఇతరులకు మేలు చేయాలని మనం చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం. కానీ మనం చేసే మేలు వాళ్లకు కావలసిందా, లేక మనకు నచ్చిందా? నోరున్న మనిషైతే "నాకొద్దు" అని చెప్పేస్తాడు. నోరులేని జీవి ఎలా చెప్తుంది? ఈ ప్రశ్న నాకు మా చిన్నాయన వాళ్ల పెరట్లో ఎదురైంది.

మా హోసూరులో కొత్త లేఅవుట్లు చాలా వస్తున్నాయి. ఇల్లు కట్టగా వెనక మిగిలిన కొంచెం జాగానే ఇప్పుడు పెరడు. చిన్నాయన పోయిన ఏడాది ఆ జాగాను చదును చేయించి, సిమెంటు వేయించి, దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. "అంతా మన మణి కోసమే" అన్నాడు. మణి అంటే వాళ్ల కుక్క. ఆ గడ్డి చూడ్డానికి భలే పచ్చగా ఉంది. వాన పడినా బురద లేదు, ఇంట్లో మట్టి అడుగుల గుర్తులు లేవు.

అయితే ఎండ ఎక్కేసరికి మణి ఆ గడ్డి మీద ఉండదు. కుళాయి పక్కన, కరివేపాకు చెట్టు మొదట్లో రెండడుగుల మట్టి మిగిలింది. దాన్ని ముందుకాళ్లతో గోకి, గుంత చేసుకుని, పొట్ట ఆనించి పడుకుంటుంది. అంత పచ్చటి పరుపు వదిలి ఆ గుంతే ఎందుకు?

దీనికి జవాబు మన సైన్సు పాఠంలో ఉంది. నిజమైన గడ్డి వేళ్లతో నీరు పీల్చి, ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. అందుకే ఎండలో కూడా గడ్డి చల్లగా ఉంటుంది. కృత్రిమ గడ్డిని పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ వంటి ప్లాస్టిక్ పోగులతో చేస్తారు. మండుటెండలో దాని పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ కూడా దాటవచ్చు. మనకు చెప్పులున్నాయి, కుక్కకు లేవు. మనలాగా దానికి ఒళ్లంతా చెమట కూడా పట్టదు. ఎక్కువగా నాలుక చాపి రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఇంకొకటి వాసన. మనం నేలను కళ్లతో చూస్తాం, కుక్క ముక్కుతో చదువుతుంది. వానపాము, ఎండుటాకు, రాత్రి వచ్చిపోయిన పిల్లి, ఈ కబుర్లన్నీ దానికి మట్టే చెప్తుంది.

ఈ గడ్డి పేరు తెచ్చుకున్నది కూడా జంతువుల వల్ల కాదు. అమెరికాలోని హూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం ఉంది. పైన కప్పు ఉండడంతో లోపల మామూలు గడ్డి బతకలేదు. అందుకని 1966లో కృత్రిమ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అలా వచ్చింది. అక్కడ వేరే దారి లేదు. మన పెరట్లో ఎండా ఉంది, వానా ఉంది. విత్తనం వేయకపోయినా గరిక మొలుస్తుంది.

బ్రిటన్‌లో 1979లో జంతువులకు ఐదు స్వేచ్ఛలు ఉండాలని చెప్పారు. ఆకలిదప్పులు, అసౌకర్యం, జబ్బు, భయం లేకుండా ఉండడంతో పాటు తన స్వభావం ప్రకారం మెలిగే స్వేచ్ఛ కూడా అందులో ఉంది. తవ్వడం, వాసన చూడడం కుక్క స్వభావం. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో కూడా ప్రాణులపై దయ చూపడం ఒకటి.

ఇదంతా మా చిన్నమ్మకు చెప్పాను. ఆమె నవ్వి, "బాగానే చెప్తావురా. మట్టి మంచిదని నువ్వు వ్యాసం రాస్తావు. ఆ మట్టికాళ్లు కడిగేదెవరు, నేల తుడిచేదెవరు? బురదలో అవ్వ కాలు జారితే?" అని అడిగింది.

ఆ మాట తీసిపారేసేది కాదు. దయ చూపేది ఒకరు, చాకిరీ చేసేది ఇంకొకరు అయితే అది ధర్మం ఎలా అవుతుంది? చిన్నమ్మ నడుము నొప్పి, అవ్వ భయం కూడా లెక్కలోకి రావాలి. కాబట్టి ప్లాస్టిక్ గడ్డి వేయడమే తప్పని నేను అనను. అవ్వ నడిచే దారిలో అది ఉండనీ. చెట్టు కింద మాత్రం మట్టి వదలాలి. మట్టి కావాలని వాదించేవాళ్లే గుమ్మం దగ్గర చెంబు, పాతగుడ్డ పెట్టుకుని మణి కాళ్లు కడగాలి. సెలవురోజుల్లో ఆ పని ఇప్పుడు నాది.

కానీ ఒక్క మాట మార్చుకోవాలి. మన సౌకర్యం కోసం వేసినదాన్ని "మణి కోసం" అనకూడదు. మాటే కదా, ఏముంది అనుకోవచ్చు. "దాని కోసమే చేశాం" అనుకోగానే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ తర్వాత అది ఎక్కడ పడుకుంటుందో కూడా చూడం. "మా కోసం వేసుకున్నాం" అని ఒప్పుకుంటే, మరి దానికేం మిగిల్చాం అనే ప్రశ్న వస్తుంది.

మహాభారతంలో ధర్మరాజు తన వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. మనల్ని ఎవరూ స్వర్గం వదులుకోమనడం లేదు. కావలసింది రెండడుగుల మట్టి, రోజూ ఒక చెంబు నీళ్లు, కొంచెం ఓపిక. మనల్ని నమ్ముకున్న ప్రాణికి ఏది మేలో మన ఇష్టాన్ని బట్టి తేల్చేయకుండా, అది ఎటు నడుస్తుందో చూసి తెలుసుకుందాం.