దాచిపెట్టిన పుల్లని పిండి

ధ్యానభాగము: మత్తయి 13వ అధ్యాయము, 33వ వచనము



మన ప్రభువు పరలోకరాజ్యమును గూర్చి బోధించినప్పుడు రాజులను, సైన్యములను మాత్రమే చూపలేదు. విత్తువానిని చూపెను, వల వేయువారిని చూపెను. ఒకసారి వంటయింట పిండి పిసుకుచున్న స్త్రీని చూపెను. ఆమె మూడు కుంచముల పిండిలో కొంచెము పుల్లని పిండి దాచెను. పిండి అంతయు పొంగెను. ఉపమానము అంతే, ఒక్క వచనము. అయితే రొట్టె చేయు పని ఎరిగినవారికే దీని లోతు తెలియును. మన యిండ్లలో అన్నము, సంకటి, జొన్నరొట్టె ఉన్నవి గాని, పొంగిన రొట్టె కాల్చు అలవాటు తక్కువ. కావున ముందు ఆ పనిని చూతము.

నేడు ఇంట రొట్టె చేయగోరువారు అర కిలో మైదా గాని మెత్తని గోధుమపిండి గాని తీసికొని, ఒక చిన్న చెంచాడు ఉప్పు కలుపుదురు. ఈస్టు అను పొడి సుమారు 7 గ్రాములు, కొంచెము పంచదార, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేసి పది నిమిషములు ఉంచుదురు. నురుగు లేచెనా, ఈస్టు బ్రదికియున్నదని గురుతు. ఆ నీళ్లు పోసి పిండిని పది నిమిషములు బాగుగా పిసికి, తడిగుడ్డ కప్పి, వెచ్చని చోట గంట లేక గంటన్నర ఉంచుదురు. అది రెండింతలైన తరువాత మరల అణచి, రొట్టెగా చేసి, ఇంకొకసారి పొంగనిచ్చి, 200 డిగ్రీల వేడిలో ముప్పదియైదు నిమిషములు కాల్చుదురు. కాల్చు పెట్టె లేనివారు మందపాటి గిన్నెలో పెట్టి మూతవేసి, క్రింద కొన్ని, మీద కొన్ని నిప్పులుంచి కాల్చుదురు. అడుగున తట్టినప్పుడు డొల్లగా మ్రోగిన యెడల రొట్టె కాలినట్లే.

ప్రభువు దినములలో ఈస్టు పొట్లములు లేవు. నిన్నటి పిండిలో ఒక ముద్ద తీసి యుంచి, నేటి పిండిలో కలిపెడివారు. పెరుగునకు తోడు దాచుట, లేనప్పుడు పొరుగింట అడిగి తెచ్చుకొనుట మన తల్లులకు తెలిసినదే. ఆ ముద్దయు అట్టి తోడే.

ఈ పనిలో నుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, పొంగించునది జీవమే. పిండి ఏల పులియునో వేల యేండ్లు ఎవరికిని తెలియలేదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1857 మొదలు చేసిన పరిశోధనలలో, పులియుట కంటికి కనబడని జీవుల పనియని చూపెను. ఆ జీవులు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువే పిండిని లేపును. మరుగు నీళ్లు పోసిన యెడల అవి చచ్చును. చచ్చిన ఈస్టు గంపెడు వేసినను పిండి లేవదు. ప్రియులారా, సంఘపు పుస్తకములో మన పేరుండవచ్చును, మన తాతల పేర్లును ఉండవచ్చును. ప్రభువు జీవము మనలో నున్నదా అని ఎవరికి వారు పరీక్షించుకొనవలెను.

రెండవది, అది దాచబడి పనిచేయును. అలమరలో నున్న ఈస్టు ఎవరిని పొంగించును? పిండిలో చేరవలెను, కనబడకుండ పోవలెను. కొందరు సహోదరీలు తమ యింట తామొక్కరే ప్రార్థించుచున్నారు. త్రాగుబోతు భర్త కొరకు, పట్నము పోయి దేవుని మరచిన కుమారుని కొరకు ఏండ్ల తరబడి కన్నీరు విడిచి, ఏమియు మారలేదే అని క్రుంగియున్నారు. అమ్మా, గుడ్డ క్రింద నున్న పిండి మొదటి పావుగంటలో కదలినట్లు కనబడదు. చలిదినములలో మరింత ఆలస్యమగును. అయినను లోపల పని ఆగలేదు. ఆ మూడు కుంచముల పిండి ఒక్క యింటి భోజనము కాదు, నూరుమందికి సరిపడునంత అని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. ముద్ద కొంచెమే, పిండి విస్తారము. ప్రభువు ఎరిగియే ఆ కొలత చెప్పెను.

మూడవది, పిసుకుటయు నిప్పును లేక రొట్టె లేదు. పిసికినందువలననే పిండిలో జిగురు సాగి, వాయువును పట్టి నిలుపును. పిసుకని పిండిలో వాయువు పుట్టినను చాలవరకు నిలువదు. శ్రమ వచ్చినప్పుడు, దేవుడు చేయి విడిచెననకుము. పిసుకుచున్నది ఆయన చేయియే. కడపట పొయ్యిలో ఈస్టు చచ్చును, రొట్టె మాత్రము లేచి నిలుచును. ఇతరుల ఆకలి తీర్చుటకు తన్ను తాను అర్పించుకొనినవానిని ఇది మనకు జ్ఞాపకము చేయుటలేదా?

అయితే ఒక హెచ్చరిక కలదు. పులిసిన పిండి అను మాటను ప్రభువు చెడుకును వాడెను. పరిసయ్యుల పులిసిన పిండి వేషధారణయే అని లూకా 12వ అధ్యాయములో చెప్పెను. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, దుర్మార్గతయు దుష్టత్వమును పాత పులిసిన పిండి గనుక తీసి పారవేయుడనెను. మంచి తోడు వేసిన పాలు మంచి పెరుగగును. చెడిన తోడు వేసిన కుండెడు పాలును చెడును.

మన సంఘములలో ఆ పాత పిండి ఏది? గట్టు తగవు, పెండ్లి విందులో పడిన మాట, తండ్రుల కాలపు పగ. అన్నిటికంటె పాతది కులభేదము. క్రీస్తు పేరు పెట్టుకొనియు ఒకరి గిన్నెలో ఒకరు నీళ్లు త్రాగనివారు, సంబంధము మాట వచ్చినప్పుడు పాత పేర్లు లెక్కించువారు మన మధ్య లేరా? మనమందరము ఒకే రొట్టెలో పాలు పొందుచున్నందున ఒక్క శరీరమైయున్నామని అపొస్తలుడు బోధించెను. పిండిగా కలిసిన తరువాత ఏ గింజ ఎవరి పొలములోనిదో ఎవరు చెప్పగలరు?

కావున వచ్చు ప్రభువు బల్లకు ముందు ఒక్క పని చేయుదము. మాటలు మానిన యిల్లు ఏదో మనకు తెలియును. ఆ గడప యొద్దకు మనమే మొదట పోవుదము. వారు తలుపు తీయకపోయిన యెడల మరల పోవుదము. కొంచెము పుల్లని పిండి చాలును, పొంగించువాడు దేవుడు.

ఆయన తన జీవమును మనలో దాచి, మన యిండ్లను, మన గ్రామములను పొంగజేయును గాక. ఆమేన్.