అరవై ఐడీ కార్డుల దొంగ

మాదాపూర్‌లో ఏ టవర్‌లోకి వెళ్లాలన్నా మెడలో ట్యాగు ఉండాలి. కార్డు ఇంట్లో మరిచిపోతే ఎంత పెద్ద మేనేజరైనా రిసెప్షన్ పుస్తకంలో సంతకం పెట్టాల్సిందే. అలాంటి చోటికి అరవై కార్డులున్నవాడు జొరబడితే? ఒకదాన్ని గార్డు పసిగట్టి బ్లాక్ చేయించేలోపు ఇంకోటి మెడలో వేసుకుంటాడు. మలేరియా పరాన్నజీవుల్లో ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారం చేసేది సరిగ్గా ఇదే.

ఈ దొంగ భాగ్యనగరానికి కొత్తేం కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి అందులో దాని జాడ పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఎలా వస్తుందో అలా తేలింది కానీ, వచ్చాక ఒంట్లో నెలల తరబడి ఎలా తిష్ఠ వేస్తుందో తేలడానికి ఇంచుమించు మరో వందేళ్లు పట్టింది. దాని మారువేషాల జన్యువులు 1995లో బయటపడ్డాయి.

దోమ కాటుతో ఒంట్లో దిగి, ముందు కాలేయంలో దాక్కుని, తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి చేరుతుంది. చోటు ఎంచుకోవడంలోనే ఉంది దాని తెలివి. ఒంట్లో మిగతా కణాలు దాదాపు అన్నీ తమ లోపల ఏం జరుగుతోందో పైపొర మీద చూపిస్తుంటాయి, ఎర్రకణం చూపించదు. అయితే పురుగు పట్టిన కణం బిరుసెక్కుతుంది. బిరుసు కణాలను ప్లీహం వడగట్టేస్తుంది. అందుకని పరాన్నజీవి ఆ కణం మీదికి ఒక జిగురు ప్రొటీన్‌ను పంపి, సన్నటి రక్తనాళాల గోడలకు దాన్ని అతికిస్తుంది. మెదడు నాళాల్లో అతుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. ప్లీహాన్ని తప్పించుకోవడానికి బయటపెట్టిన ఆ ప్రొటీనే యాంటీబాడీల కంట పడుతుంది. ఒకరికి చాటైతే మరొకరికి ఎదుట! అందుకే ఒకే పనికి అరవై దాకా జన్యువులు, ఒకసారికి ఒకటే వాడకం. రోగనిరోధక శక్తి అంటే జ్ఞాపకం. జ్ఞాపకం ఎప్పుడూ నిన్నటి ముఖాన్నే గుర్తుంచుకుంటుంది, శత్రువు బతికేది ఆ సందులోనే.

అలాగని జ్ఞాపకాన్ని తీసిపారేయలేం. మలేరియా ఎక్కువగా ఉండే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో పదేపదే జ్వరపడి పెరిగినవాళ్ల ఒంటికి చాలా వేషాలు పరిచయమవుతాయి. పురుగు లోపలున్నా మనిషి మామూలుగా తిరుగుతాడు. దీన్ని గెలుపు అనలేం, రాజీ అనాలి. ఊరు వదిలి ఏళ్లు గడిస్తే ఆ రాజీ కూడా సడలుతుంది. సైబరాబాద్ టవర్లు కట్టే కూలీల్లో అలాంటి పల్లెలవాళ్లూ ఉంటారు. సెల్లార్ గుంతలో, క్యూరింగ్ నీళ్లలో పెరిగే అనాఫిలిస్ దోమ కూలీని, కోడర్‌ని వేరు చేసి చూడదు. తప్పు వలస వచ్చినవాడిది కాదు, నీళ్లు నిలవబెట్టిన సైటుది.

2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా అరవై వేషాల వెంట పడదు. కాలేయం చేరకముందే అడ్డుకోవాలని చూస్తుంది. దాని తయారీ పరిజ్ఞానాన్ని జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందమూ ఆ ఏడాదిదే. రక్షణ మాత్రం పాక్షికమే, కాలంతో తగ్గేదే.

వేలి నుంచి తీసిన రక్తపు స్లైడులో సాధారణంగా కనిపించేవి లేత పురుగుల ఉంగరాలే. ముదిరినవి ఆ వేళకు నాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. కాబట్టి ఒక పరీక్షలో ఏమీ లేదన్నా, చలిజ్వరం తిరగబెడితే మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి.