అగ్గిపెట్టంత కారు

"ఇంకా ఈ అగ్గిపెట్టెలోనే తిరుగుతున్నారా వదినా?" అంది మా ఆడపడుచు ఒకనాడు, వాకిట్లో ఉన్న మా మారుతి 800ని చూసి. నవ్వేశాను. నవ్వానే గాని, ఆ మాట రాత్రంతా పక్కలో పల్లేరుకాయలా గుచ్చుకుంటూనే ఉంది. ఉన్నదాంతో చాలనుకోవడం ఒక గుణమా? లేక గతిలేనితనానికి మనం పెట్టుకున్న ముద్దుపేరా?

ఆ అగ్గిపెట్టెకి పుట్టిల్లు జపాను. యుద్ధంలో ఓడి, ఊళ్ళకు ఊళ్ళు బూడిదైపోయిన దేశం. 1949లో అక్కడి ప్రభుత్వం చిన్న బండ్లకు 'కేయ్' అనే తరగతి పెట్టింది. కేయ్ అంటే తేలిక అని. ఇంజను ఇంతకు మించకూడదు, పొడుగూ వెడల్పూ ఇంతకు దాటకూడదు. ఆ గీత లోపల ఉంటే పన్ను తక్కువ. 1955 నాటికి లెక్క 360 సీసీల దగ్గర కుదిరింది. పొడుగు 3 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు. మన ఇళ్ళలో పెద్ద మంచం అంతకంటే వెడల్పుంటుంది!

కొలిచి ఇచ్చిన సరుకుతో నెల గడపడం మనకు తెలిసిన విద్యే కదా. వాళ్ళూ అదే చేశారు. యుద్ధకాలంలో విమానాలు చేసిన నకజిమా సంస్థ వారసులు 1958లో సుబారు 360 తెచ్చారు. బరువు 385 కిలోలు, ఇంజను వెనక, 16 గుర్రాల బలం. అందులో నలుగురు కూర్చోవచ్చు! జనం ముద్దుగా దాన్ని అక్షింతల పురుగు అని పిలుచుకున్నారు.

అదే కారు 1968లో అమెరికా వెళ్ళింది. మరుసటి ఏడు 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రిక, ప్రమాదం జరిగితే లోపలివాళ్ళకు రక్షణ లేదంటూ, ఇది పనికిరాదని తేల్చేసింది. ఆ మాటలో అబద్ధమూ లేదు. నాలుగింతల బరువున్న కార్ల మధ్య అక్షింతల పురుగు ఏపాటి? కారు మారలేదు, దారి మారింది.

పోనీ, జపాను వాళ్ళది పేదరికమే అనుకుందామా? డబ్బొచ్చాక వాళ్ళూ గీతను జరిపారు. 1976లో 550 సీసీలు, 1990లో 660. జరిపారే గాని చెరిపెయ్యలేదు. ఈనాటికీ అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో దాదాపు మూడో వంతు కేయ్ కార్లే. పక్కవాడిదీ చిన్నదే అయినప్పుడు మనదాన్ని చూసి ఎవరు నవ్వుతారు చెప్పండి?

చాలు అనుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదని నాకు అప్పుడు తోచింది. దానికి వీధి మొత్తం తోడుండాలి. పెళ్ళిలో పెట్టుపోతలైనా, పండక్కి కొనే చీరలైనా అంతే. ఒకరు పెంచితే, పెంచని వాళ్ళందరూ ఉన్నచోటే ఉండి చిన్నబోతారు.

సుజుకి వారి కేయ్ కారు ఆల్టో పోలికలతో 1983లో మన దేశంలో పుట్టిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంతకు చాలా ముందే మేము మాది అమ్మేసి పెద్దది కొన్నాం. అవసరముండి కాదు, ఆ పల్లేరుకాయ గుచ్చుకుని.

మొన్న మా వీధి మలుపులో ఓ పాత 800 ఎదురైంది. భార్యాభర్తలు, వెనక ఇద్దరు పిల్లలు. మమ్మల్ని చూసి ఆయన కారు గోడకి ఆనేంతగా పక్కకి ఒదిగించి దారిచ్చాడు. ఆవిడ తల దించుకుని చీర సర్దుకుంది.

అగ్గిపెట్టె అన్న మాట నేనెప్పుడూ నోటితో అనలేదు. ఆ రోజు కారుతో అన్నాను.