సౌలు ఎదుట సితారా

మన సంఘములలో దిగులుపడినవారికి చెప్పు మాట ఒకటి కలదు. "పాట పాడుకోమ్మా, దిగులు అదే పోతుంది." అమలాపురములోనైనను, రాజోలులోనైనను, కొత్తపేటలోనైనను ఈ మాట చెప్పువారు మేలు కోరియే చెప్పుదురు. దిగులు పోనప్పుడు మాత్రము మాట మారును. "నీకు విశ్వాసం చాలదు" అందురు. ఇంకను పోకున్న "గాలి సోకింది" అందురు. పాట పాడినను, పద్యము వ్రాసినను, బొమ్మ గీచినను మనోవ్యాధి నయము కాని విశ్వాసి ఏమి తప్పు చేసెను? ఈ నెల మనము దీనిని ఆలోచింతము.

1 సమూయేలు 16వ అధ్యాయము చివర దావీదు సితారా వాయింపగా సౌలు సేదదీరెనని చదువుచున్నాము. ప్రసంగములలో సాధారణముగా అక్కడనే ఆపుదుము. రెండు అధ్యాయములు దాటి 18:10, 11 చదువుడి. అదే చేయి, అదే సితారా, వినువాడును అదే సౌలు. ఈ పర్యాయము ఈటె విసరెను. 19వ అధ్యాయములో మరల విసరెను. వాయించినవానియందు లోపము లేదు. సౌలునకు దురాత్మ పట్టెను గనుక మనోవ్యాధులన్నియు దురాత్మలేయని కొందరు వాదింతురు. వారు ఏలీయాను మరచిరి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ప్రవక్తయొద్దకు వచ్చిన దూత ఏ దయ్యమును గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను.

ఆంగ్ల కీర్తనకారుడైన విలియం కూపర్ చరిత్ర ఈ విషయములో మనకు చాల నేర్పును. ఆయన 1731లో పుట్టి, ఆరేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. 1763లో ప్రభువుల సభలో ఒక ఉద్యోగము కొరకు పరీక్షకు నిలువవలసి వచ్చినప్పుడు భయముచేత మతి చెదరి ప్రాణము తీసికొనజూచెను. సెంట్ ఆల్బన్సులో డాక్టరు కాటన్ నడపిన ఆశ్రమములో చాలకాలముండి, అక్కడనే సువార్తవలన తేరుకొనెను. తరువాత ఓల్నీ గ్రామములో జాన్ న్యూటన్ పాదిరిగారితో కలిసి కీర్తనలు వ్రాసెను. 1779లో అచ్చైన ఓల్నీ కీర్తనల గ్రంథములోని 348 కీర్తనలలో అరువదికి పైగా ఆయనవి.

కథ ఇక్కడ ముగిసిన ఎంత బాగుండును! ఆ గ్రంథము అచ్చు కాకమునుపే, 1773లో, జబ్బు తిరుగబెట్టెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్రోసివేసెనని ఆయన మనస్సులో నాటుకొనిపోయెను. అటుపిమ్మట ఆయన ఆరాధనకు వెళ్లలేదు. తాను వ్రాసిన కీర్తనలను ఇతరులు పాడుచుండగా తాను ఇంట కూర్చుండెను.

అప్పుడు ఆయన చేసిన పనులు గమనింపదగినవి. మూడు కుందేళ్లను పెంచెను. వడ్రంగము చేసి వాటికి గూళ్లు కట్టెను. తోటపని చేసెను, బొమ్మలు గీచెను. ఆయనను కనిపెట్టుకొనియున్న మేరీ అన్విన్ అను విధవరాలు పద్యములు వ్రాయుమని పురికొల్పగా, ఏబదియేండ్లు దాటిన ఆయన కవితా సంపుటము 1782లో వెలువడెను. ఆ యేడే ఒక స్నేహితురాలు చెప్పిన హాస్యకథను ఆయన పద్యముగా కట్టెను. గుఱ్ఱము ఆగక లాగుకొనిపోయిన జాన్ గిల్పిన్ అను బట్టల వర్తకుని కథ అది. నరకము తనకు నిశ్చయమని తలంచిన మనుష్యుడు ఇంగ్లండునంతటిని నవ్వించెను! 1799లో, మరణమునకు కొంచెము ముందు, వ్రాసిన కడపటి పద్యమో, ఓడమీదనుండి సముద్రములో పడి మునిగినవానిని గూర్చినది. నయము కాలేదు. అయినను 1773 తరువాత ఇరువదియేడేండ్లు బ్రదికెను. ఆ దినములు గడచుటకు ఉలియు కలమును కుందేళ్లును తోడైనవి. దీనిని మేము స్వల్పముగా ఎంచము.

"ఆ జబ్బు రాకపోతే ఆ కీర్తనలు మనకు దక్కేవా?" అని అడుగువారున్నారు. ఈ మాట మాకు నచ్చదు. మన పాటల పుస్తకము నిండుటకై దేవుడు ఒకని మతి విరిచెననుట ఆయనను కఠినునిగా చేయుటయే. జబ్బు తీవ్రమైన కాలములలో కూపర్ కలము ఆగిపోయెను. జబ్బు సడలిన సందులలోనే అది కదలెను.

మన తెలుగువారిలో బసవరాజు అప్పారావుగారు 1894లో పుట్టి, నలుబది నిండకమునుపే 1933లో చనిపోయిరి. గొల్లపిల్లవానిపైని, గాంధీగారి కొల్లాయిపైని ఆయన కట్టిన పాటలు జనుల నోట నిలిచినవి. ఆయనయు మనోవ్యాధితో బాధపడెను. భార్య రాజ్యలక్ష్మమ్మగారు సౌదామిని అను పేరుతో తామును కవిత్వము వ్రాసిరి. తమ కాపురమును గూర్చి 'అప్పారావుగారూ నేనూ' అను పుస్తకము వ్రాసిరి. రోగి ప్రక్కన మేల్కొనియుండు వారికిని కలము కావలెను. సంఘములో రోగికొరకు ప్రార్థింతుము. రోగికి అన్నము పెట్టు ఇల్లాలు ఎట్లున్నదని ఎవరడుగుదురు? మేరీ అన్విన్ కూడ పక్షవాతముతో కృశించి 1796లో మరణించెను.

కళ అనగా కవిత్వమే కానక్కరలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురము పోవువారికి లేసు అల్లకము తెలియనిది కాదు. 19వ శతాబ్దమున మిషనరీల ద్వారా వచ్చిన ఆ పని డెల్టా స్త్రీల చేతులలో నిలిచినది. కుట్లు లెక్కించుచుండగా తలలోని రొద కొంత తగ్గవచ్చును. అయితే రేపటికి ఇంత కావలెనని మధ్యవర్తి గుమ్మములో నిలిచినప్పుడు అదే సూది గుచ్చుకొనును. కొద్ది కూలికి కన్నులు పోగొట్టుకొని అల్లినవారితో "అది నీకు ఓదార్పు" అనుటకు మనకు నోరు రాకూడదు. ఓదార్పుకొరకు చేయు పనికి గడువు వద్దు, వెల వద్దు, బాగున్నదా లేదా అను తీర్పును వద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగియును, చివర ఒక్క స్తోత్రమైనను లేదు. అయినను హేమాను కీర్తనను లేఖనములనుండి ఎవరును తీసివేయలేదు. దిగులుగలవాడు నల్లరంగుతోనే బొమ్మ గీచిన, మూలను సూర్యుని వేయుమని మనము చెప్పనక్కరలేదు.

సితారా వైద్యునికి బదులు కాదు. కూపర్‌ను మొదట నిలబెట్టిన కాటన్ వైద్యుడే గదా. మన దేశములో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వైద్యమును హక్కుగా చేసెను, రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించెను. ప్రాణము తీసికొనజూచినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని ఎంచవలెనని చెప్పెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరులో, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక ఒక మనవి. మన ఆలయముల ప్రక్కనున్న సండేస్కూలు గది వారములో ఆరు దినములు తాళము వేసియుండును. క్రిస్మసు నక్షత్రములకు తెచ్చి మిగిలిన వెదురు బద్దలు, రంగు కాగితములు, కొంచెము లేసు దారము, నోటు పుస్తకములు అందులో ఉంచవచ్చును. అక్కడ ప్రసంగము వద్దు, హాజరు పట్టీ వద్దు. తాళపుచెవి పాదిరిగారియొద్ద గాక, గుడికి దగ్గరగా ఇల్లున్న ఒక అక్కయొద్ద ఉండుట మేలని మా తలంపు. పాదిరిగారి తలుపు తట్టుటకు కొందరు సిగ్గుపడుదురు.